యూదు మతం మొదలైంది అబ్రాహాముతోనా, బబులోను చెరలోనా?

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. మా నాయనమ్మ చేతుల్లో నలిగిన పాత తెలుగు బైబిలును ఈ వేసవిలో మొదటి పుట నుంచి వరుసగా చదువుతున్నాను. చదువుతూ చదువుతూ ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. అబ్రాహామును ఆ గ్రంథం యూదుడని అనదు, 'హెబ్రీయుడు' అంటుంది. మోషే వెంట నడిచినవారు ఇశ్రాయేలీయులు. దావీదు ఏలిన జనాన్ని సైతం ఇశ్రాయేలువారు, యూదావారు అని విడివిడిగా చెబుతుంది. 'యూదుడు' అన్న మాట ఒక మనిషికి ఇంటిపేరులా అతుక్కుపోయి కనబడేది ఎస్తేరు గ్రంథంలో. అక్కడ మొర్దెకై పుట్టింది బెన్యామీను గోత్రంలో, అయినా అతడు 'యూదుడు'. అంటే అప్పటికే ఆ మాట గోత్రాన్ని దాటి మరేదో అర్థాన్ని సంతరించుకుంది.

ఆ 'మరేదో' ఎప్పుడు ఏర్పడింది? విశ్వాసులు ఏమి చెబుతారో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను, దానిపై నాకు గౌరవమే తప్ప పేచీ లేదు. నేల తవ్వినవారు, శాసనాలు చదివినవారు ఏమంటున్నారో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

శాసనప్రియ:

కృష్ణాతీరం గారూ, మీరు ఆగిన చోటే చరిత్రకారులూ ఆగారు. ముందుగా రెండింటిని విడదీసుకుందాం. ప్రాచీన ఇశ్రాయేలీయుల మతం ఒకటి, యూదు మతం మరొకటి. రెండోది మొదటిదాని కడుపున పుట్టింది గాని రెండూ ఒకటి కావు.

ఇశ్రాయేలు అన్న పేరు బైబిలుకు వెలుపల తొలిసారి కనబడేది ఈజిప్టు రాజు మెర్నెప్తా వేయించిన విజయ శాసనంలో. క్రీ.పూ. 1208 ప్రాంతానికి చెందిన ఆ నల్లరాయిని 1896లో పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులోని థీబ్స్‌లో వెలికితీశాడు. కనానులో, అంటే నేటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతంలో, తాను అణచినట్లు ఆ రాజు చెప్పుకొన్న అష్కెలోను, గెజెరు, యనోయము పట్టణాల పేర్ల పక్కన లేఖకుడు దేశాన్ని సూచించే గుర్తు వేశాడు. ఇశ్రాయేలు పేరు పక్కన మాత్రం ఆ గుర్తు లేదు, కూర్చున్న ఒక పురుషుడి బొమ్మ, ఒక స్త్రీ బొమ్మ ఉన్నాయి. అంటే అతడి దృష్టిలో ఇశ్రాయేలు ఇంకా ఒక రాజ్యం కాదు, ఒక జనం. వేలిగోరంత ఆ బొమ్మలు లేకపోతే ఈ సంగతి మనకు తెలిసే దారే లేదు.

ఇంచుమించు అదే కాలంలో యెరూషలేముకు ఉత్తరాన ఉన్న కొండల్లో వందలకొద్దీ చిన్న గ్రామాలు కొత్తగా వెలిశాయని 1967 తరువాత సాగిన సర్వేలు తేల్చాయి. వాటికి కోటగోడలు లేవు, పెద్ద గుడులు లేవు. కొండవాలును గట్లుగా మలచిన చేలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, మెడ చుట్టూ పట్టీ ఉన్న పెద్ద కాగులు, నాలుగు గదుల ఇళ్ళు కనబడతాయి. తిని పారేసిన ఎముకల్లో పందివి దాదాపు లేవు, అయితే అదొక్కటే ఆ జనానికి గుర్తని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. వారి కుండలు కనాను కుండల పోలికలోనే ఉన్నాయి. వారి హెబ్రీ భాష కూడా పొరుగువారైన మోయాబీయుల భాషకు, ఫెనీషియనుల భాషకు అప్పచెల్లెలి వంటిది. అందుకే బయటి నుంచి వచ్చినవారు కొందరు కలిసి ఉండవచ్చు గాని, ఆ జనంలో ఎక్కువ భాగం కనాను నేల మీదే పుట్టి పెరిగినవారని నేడు అధిక సంఖ్యాకులైన పండితులు భావిస్తున్నారు.

దేవుడి పేరు సంగతి కూడా చెప్పాలి. 'ఇశ్రాయేలు' అన్న మాట చివర ఉన్నది 'ఏలు'. సిరియా తీరంలోని ఉగరిత్ శిథిలాలలో 1929 నుంచి దొరికిన మట్టిపలకల్లో ఏలు దేవతల సభకు పెద్ద, నెరిసిన గడ్డం ఉన్న దయామయుడు. యెహోవా అన్న పేరుకు మాత్రం దక్షిణపు ఎడారితో సంబంధం ఉన్నట్లుంది. బైబిల్లో అతి ప్రాచీనమైనదిగా ఎంచే దెబోరా పాటలో ఆయన శేయీరు నుంచి, ఎదోము పొలం నుంచి బయలుదేరి వస్తాడు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఈజిప్టు రాజు మూడవ అమెన్‌హోతెప్ నేటి సూడాన్‌లోని సోలెబులో కట్టించిన గుడిలో దక్షిణపు సంచార జాతుల జాబితా ఉంది, అందులో ఈ పేరుకు దగ్గరగా ఉన్న ఒక స్థలనామం చెక్కి ఉంది. నిర్గమకాండము ఆరవ అధ్యాయంలో దేవుడు మోషేతో, నీ పితరులకు సర్వశక్తిగల దేవుడిగా (హెబ్రీలో 'ఏల్ షద్దాయ్') కనబడ్డాను గాని యెహోవా అన్న పేరుతో వారికి తెలియబడలేదని చెబుతాడు. రెండు దైవనామాలు ఒకే దైవంలో కలిసిన జ్ఞాపకం ఆ వాక్యంలో నిలిచి ఉందని నేను నమ్ముతాను.

ఆలివ్‌కొమ్మ:

నేను దైవశాస్త్రం చదువుతున్న విశ్వాసిని. శాసనప్రియ గారు చెప్పినదానితో నాకు పెద్ద విభేదం లేదంటే కొందరు ఆశ్చర్యపోవచ్చు. యెహోషువ గ్రంథం 24వ అధ్యాయం తెరిచి చూడండి. అబ్రాహాము తండ్రి తెరహు నది అద్దరిన ఇతర దేవతలను కొలిచాడని అందులో నిర్మొహమాటంగా రాసి ఉంది. తమ మూలపురుషుడి తండ్రే విగ్రహారాధకుడని ఒప్పుకొన్న జనం తమ మతం ఆదినుంచీ ఏకశిలలా ఉందని ఎప్పుడూ అనలేదు. మనమే వారి నోట ఆ మాట పెడుతున్నాం.

అయితే నిర్గమం గురించి, అంటే మోషే వెంట ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన కథ గురించి, ఒక మాట. సీనాయి ఎడారిలో లక్షల మంది నలభై ఏళ్ళు తిరిగిన ఆనవాలు దొరకలేదన్నది నిజమే. కాని ఏ జనమైనా తమ పూర్వులు రాజులని చెప్పుకొంటుంది గాని ఇటుకలు కోసిన బానిసలని ఊరికే కల్పించుకోదు. మోషే, ఫీనెహాసు, హొఫ్నీ, మెరారీ అన్న పేర్లు ఈజిప్టు భాషవి, అవన్నీ యాజకుల గోత్రమైన లేవీలోనే కుప్పపడి ఉన్నాయి. ఈజిప్టు నుంచి తప్పించుకొని వచ్చిన ఒక చిన్న గుంపు తన విమోచన కథను కొండల్లోని జనానికి ఇచ్చి ఉంటుందనీ, ఆ కథను అందరూ తమదిగా చేసుకున్నారనీ కొందరు పండితులు చెప్పేది నాకు సబబుగా తోస్తుంది.

మరొక చిన్న సంగతి, తెలుగు పాఠకులకు అవసరమైనది. 'యెహోవా' అన్న ఉచ్చారణ యూదులది కాదు. వారు ఆ పేరులోని నాలుగు హల్లులను (య, హ, వ, హ) పలకకుండా 'అదోనాయ్', అంటే ప్రభువు, అని చదువుకొంటారు. ఆ మాట అచ్చులను ఈ హల్లులకు గుర్తుగా తగిలించి రాసుకుంటే, తరువాతి కాలపు క్రైస్తవులు రెండింటినీ కలిపి చదివారు.

నల్లరేగడి:

చర్చ చక్కగా సాగుతోంది. నేను కళాశాలలో చరిత్ర బోధించి విరమించుకున్నవాణ్ణి. నా అభిప్రాయంలో అసలు మలుపు క్రీ.పూ. 7వ శతాబ్దంలో ఉంది, దానిని అర్థం చేసుకోవాలంటే ముందు రాజుల కాలంలో జనం ఎలా పూజించేవారో చూడాలి.

సీనాయికి ఈశాన్యంలో కుంతిల్లెత్ అజ్రూద్ అనే బాటసారుల విడిది ఉంది. 1975-76లో అక్కడ తవ్వితే క్రీ.పూ. 800 ప్రాంతపు పెద్ద కాగులు పగిలిన ముక్కలుగా దొరికాయి. వాటి మీద సిరాతో 'షోమ్రోను యెహోవా పేరిట, ఆయన అషేరా పేరిట నిన్ను దీవిస్తున్నాను' అన్న తీరున వాక్యాలు ఉన్నాయి. 'తేమాను యెహోవా' అన్న పేరూ ఉంది. అషేరా అంటే దేవి అని కొందరు, ఆమెకు గుర్తుగా పాతే కొయ్య అని కొందరు అంటారు. మన తెలుగు బైబిల్లో చాలా చోట్ల కనబడే 'దేవతాస్తంభము' ఇదే. ఊరి పేరు చేర్చి దేవుణ్ణి పిలవడం మనకు కొత్తేమీ కాదు గనుక ఈ వాక్యాలు తెలుగువాడికి ఇట్టే అర్థమవుతాయి. యూదా రాజ్యపు సరిహద్దు కోటైన అరాదులో ఏకంగా ఒక గుడి బయటపడింది. దాని గర్భగుడి మెట్ల మీద ఉన్న రెండు రాతి ధూపవేదికల పైని మసిని పరీక్షించి, ఒకదాని మీద సాంబ్రాణి, మరొకదాని మీద గంజాయి కాల్చారని 2020లో ప్రకటించారు. ఒకే గుడి, ఒకే దేవుడు, ఒకే గ్రంథం అన్న నియమం అప్పటికి జనజీవితంలో లేదని వీటిని చూస్తే తెలుస్తుంది.

క్రీ.పూ. 722లో ఉత్తర మెసపటేమియా సామ్రాజ్యమైన అష్షూరు సైన్యం, యూదాకు ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోనును పట్టుకున్నది. అక్కడి నుంచి కాందిశీకులు తమ కథలను, ప్రవక్తల మాటలను మూటగట్టుకొని దక్షిణానికి వచ్చారు, యెరూషలేము పట్టణం పడమటి కొండ మీదికి పాకింది. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా పట్టణమైన లాకీషును నేలమట్టం చేశాడు. నేను లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఆ ముట్టడి శిల్పాల ముందు చాలాసేపు నిలబడ్డాను. తల మీది నుంచి చీలమండల దాకా జారే పొడవాటి ముసుగులు వేసుకున్న ఆడవాళ్ళు వరుసగా నడుస్తున్నారు. ఎద్దుబండి మీద మూటలు కట్టి ఉన్నాయి, వాటిపైన పిల్లలను కూర్చోబెట్టారు. ఎద్దు పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. యూదా చరిత్ర అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ బండే.

ఇక అసలు విషయం. అష్షూరు చక్రవర్తి ఏశర్హద్దోను క్రీ.పూ. 672లో తన సామంతులందరి చేత ఒక ప్రమాణం చేయించాడు. యువరాజు అష్షూర్బనిపాలును మీ ప్రాణంతో సమానంగా ప్రేమించాలి, మీ అన్నదమ్ముడు గాని, కొడుకు గాని, ప్రవక్త గాని కుట్ర మాట చెబితే దాచకూడదు, తప్పితే మీ ఆకాశం కంచు, మీ నేల ఇనుము అయిపోవాలి. ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 13, 28 అధ్యాయాలు చదవండి. అన్నదమ్ముడు, కొడుకు, ప్రవక్త వచ్చి వేరే దేవుళ్ళను కొలుద్దామంటే వినవద్దు. మాట తప్పితే తల మీది ఆకాశం ఇత్తడి, కాళ్ళ కింది నేల ఇనుము. 'నీ పూర్ణహృదయంతో ప్రేమించు' అన్న ఆజ్ఞ సైతం సామంతుడు చక్రవర్తికి చేసే ప్రమాణపు భాషలోనిదే. ఆ ప్రమాణపు ప్రతి ఒకటి 2009లో తుర్కియేలోని తెల్ తైనాత్‌లో గుడి లోపల దొరికింది, అంటే సామంతుల రాజధానులలో దానిని గుడుల్లో ప్రతిష్ఠించేవారు. యెరూషలేములో కూడా ఒక ప్రతి ఉండి ఉంటుందని ఊహించడం అసమంజసం కాదు. యూదా లేఖకులు ఆ పత్రాన్ని తీసుకొని, చక్రవర్తి కూర్చున్న చోట దేవుణ్ణి కూర్చోబెట్టారు. ఇంత చిన్న రాజ్యం అంత పెద్ద సామ్రాజ్యానికి ఇంతకు మించిన సమాధానం చెప్పలేదు.

క్రీ.పూ. 622లో యూదా రాజు యోషీయా యెరూషలేము మందిరాన్ని బాగుచేయిస్తుండగా ప్రధానయాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం, అంటే మోషే పేరిట ఉన్న ఆజ్ఞల గ్రంథం, దొరికిందనీ, లేఖకుడు షాఫాను దానిని చదివి వినిపించగా రాజు బట్టలు చింపుకున్నాడనీ రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. ఆ గ్రంథంలోని మాటల గురించి దేవుణ్ణి అడగడానికి రాజు మనుషులు వెళ్ళింది హుల్దా అనే ప్రవక్త్రి ఇంటికి. ఒక పుస్తకానికి పవిత్ర గ్రంథంగా తొలి ముద్ర వేసింది ఒక గృహిణి అన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి. ఆ గ్రంథం ద్వితీయోపదేశకాండపు తొలి రూపమని 1805లో జర్మన్ పండితుడు డి వెట్టె ప్రతిపాదించాడు, నేటికీ పండితులలో ఎక్కువమంది ఆ బాటలోనే ఉన్నారు. ఆ తరువాతే రాజు ఊరూరి గుడులను కూలగొట్టించాడు.

నిర్వాహకులు:

గుంటూరు జిల్లాలోని బెనె ఎఫ్రాయీము సమాజం గురించి ఇద్దరు సభ్యులు అడిగారు. అది మన నేలకు సంబంధించిన ముఖ్య విషయమే గనుక దానికి వేరుగా చర్చ తెరిచాము. ఇక్కడ ప్రాచీన కాలానికే పరిమితం కావలసిందిగా మనవి.

తూర్పుగట్టు:

నల్లరేగడి గారి వివరణ చదివి సంతోషించాను. అయితే పుస్తకం దొరికింది, గుడులు కూలాయి, మతం మారింది అన్న వరుసకు అడ్డం వచ్చే ఒక సాక్ష్యం ఉంది. నేను న్యూయార్క్‌లో ఉంటాను. బ్రూక్లిన్ మ్యూజియంలో ఎలిఫెంటైన్ పపైరస్‌లు ఉన్నాయి.

ఎలిఫెంటైన్ అంటే ఈజిప్టు దక్షిణపు సరిహద్దులో, అస్వాన్ దగ్గర, నైలు నది మధ్య ఉన్న ఒక లంక. క్రీ.పూ. 5వ శతాబ్దంలో అక్కడ పారశీక ప్రభుత్వపు జీతం మీద బతికే యూదు సైనికులు కుటుంబాలతో కాపురం ఉండేవారు. తమను తాము యూదులమనే రాసుకున్నారు. వారికి అక్కడ ఒక గుడి ఉంది, అందులో దేవుడు 'యాహు', అంటే యెహోవా పేరుకు మరో రూపం. ఆ గుడిలో సేవకుడైన అనన్యా, తామెత్ అనే ఈజిప్టు బానిస స్త్రీని క్రీ.పూ. 449లో పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళి పత్రంలో ఆమె వెంట తెచ్చుకున్న సామానుల జాబితా ఉంది. ఏడు షెకెళ్ళ విలువైన ఒక ఉన్ని వస్త్రం, ఒక అద్దం, ఒక జత చెప్పులు, అర పుడిసెడు పరిమళ తైలం, ఆరు పుడిసెళ్ళ ఆముదం. ఆముదం అన్న మాట దగ్గర నాకు మా అమ్మమ్మ ఇల్లు గుర్తుకు వచ్చింది. ఇద్దరిలో ఎవరైనా సభలో నిలబడి ఈ కాపురం వద్దంటే విడిపోవచ్చనీ ఆ పత్రంలో ఉంది, భార్యకు కూడా ఆ హక్కు ఉంది.

ధర్మశాస్త్రం ప్రకారం యెరూషలేములో తప్ప బలి అర్పించకూడదు. వీరికి గుడీ ఉంది, బలులూ ఉన్నాయి. గుడి కానుకల జాబితా ఒకటి యాహు పేరుతో పాటు అనాత్-బేతేలు, ఎషెమ్-బేతేలు అనే దైవాల వాటాలను కూడా లెక్కగడుతుంది. అక్కడ దొరికిన పత్రాలలో మోషే పేరు లేదు, నిర్గమ కథ లేదు, ధర్మశాస్త్రం నుంచి ఒక్క వాక్యం లేదు. క్రీ.పూ. 419 నాటి ఒక ఉత్తరంలో మాత్రం నీసాను నెల 15 నుంచి 21 వరకు పులిసినది ముట్టవద్దని ఆదేశం ఉంది. పపైరస్ చిరిగిపోవడం వల్ల పస్కా, అంటే ఈజిప్టు నుంచి విడుదలను గుర్తుచేసుకునే పండుగ, అన్న మాట మిగలలేదు గాని, ఆ పండుగకు చెందినదే అన్నది స్పష్టం. యోషీయా సంస్కరణ జరిగి రెండు వందల ఏళ్ళయినా, తమను యూదులమని చెప్పుకొన్న జనం ఇలా బతికారు. మరి వీరిది యూదు మతమా, కాదా?

కృష్ణాతీరం:

తూర్పుగట్టు గారి ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వలేదు. నేను నా ప్రశ్నకు చెర అన్నదే జవాబని మనసులో అనుకుంటూ వచ్చాను. బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మందిరాన్ని కాల్చాడు, జనాన్ని బబులోనుకు తీసుకుపోయాడు, అక్కడ గుడి లేదు గనుక గ్రంథం గుడి స్థానం తీసుకుంది, ఆపైన పారశీక రాజు కోరెషు తన మట్టి శాసనంలో యూదులను ఇంటికి పొమ్మని రాయించాడు అని. ఇందులో ఎంత నిలుస్తుంది?

శాసనప్రియ:

చాలా వరకు నిలుస్తుంది. చివరి మాట నిలవదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కోరెషు మట్టి స్తూపికలో యూదుల పేరు గాని యెరూషలేము పేరు గాని లేవు. క్రీ.పూ. 539లో బబులోనును పట్టుకున్నాక అక్కడి దేవుడు మర్దూకు తనను ఎన్నుకున్నాడనీ, తెచ్చి పెట్టిన దేవతా విగ్రహాలను వాటి ఊళ్ళకు తిరిగి పంపాననీ మాత్రమే అందులో ఉంది. యూదులకు ఇచ్చిన ఆజ్ఞ ఎజ్రా గ్రంథంలోనిది. రెండింటి ధోరణి కలుస్తుంది, అంతవరకే అనవచ్చు.

నల్లరేగడి:

ఆ సవరణ సరైనదే. చెర గురించి మట్టిపలకలు చెప్పేది కొంత జోడిస్తాను. చెర అనగానే సంకెళ్ళు, చీకటి గదులు మన కళ్ళ ముందు మెదలుతాయి. బబులోను రాజభవనపు నూనె లెక్కల్లో యూదా రాజైన యెహోయాకీనుకూ అతడి ఐదుగురు కొడుకులకూ కొలిచి ఇచ్చిన నూనె వాటాలు రాసి ఉన్నాయి. దక్షిణ మెసపటేమియాలో 'అల్ యహూదు', అంటే యూదా పట్టణం, అనే పేరుతో ఒక పల్లె ఉండేది. క్రీ.పూ. 572 నుంచి సుమారు వందేళ్ళ పాటు అక్కడివారు రాయించుకున్న కౌలు పత్రాలు, అప్పు పత్రాలు దొరికాయి. కాలువల కింద బార్లీ, ఖర్జూరం పండించారు, శిస్తు కట్టారు, పిల్లలకు 'యాహు' చేర్చిన పేర్లు పెట్టుకున్నారు. యిర్మీయా గ్రంథం చివర ఇచ్చిన లెక్క ప్రకారం మూడు విడతల్లో చెరపట్టుకుపోయినవారు మొత్తం 4,600 మంది మాత్రమే. ఎక్కువమంది యూదాలోనే మిగిలారు. కాని వెళ్ళినవారిలో లేఖకులు, యాజకులు, పనివాళ్ళు ఉన్నారు గనుక చరిత్ర రాసే చేయి వారిదైంది.

ఆ రెండు మూడు తరాలలో మారినవి చూడండి. నెలల పేర్లు బబులోనువి అయ్యాయి. నేటికీ యూదు పంచాంగంలో తమ్మూజు నెల ఉంది, అది ఒక మెసపటేమియా దేవుడి పేరు. పాత హెబ్రీ లిపి క్రమంగా పక్కకు తప్పుకొని, అరామిక్ చతురస్ర లిపి వచ్చింది. విశ్రాంతిదినం సంగతి మరీ ఆసక్తికరం. పాత ప్రవక్తల మాటల్లో అమావాస్యయూ విశ్రాంతిదినమూ జంటగా వస్తాయి. అందుకే మొదట అది పున్నమి నాటి పండుగ అయి ఉంటుందని కొందరు వాదిస్తారు. చంద్రుడితో పనిలేకుండా ప్రతి ఏడవ రోజూ ఆగడమనే నియమం చెర కాలంలోనే గట్టిపడిందని వారి అభిప్రాయం. గుడి కావాలంటే రాయి కావాలి, యాజకుడు కావాలి. ఏడవ రోజుకు ఏదీ అక్కరలేదు, పరాయి దేశపు కాలువ గట్టు మీద కూడా అది వస్తుంది.

ఆలోచనలో వచ్చిన మార్పు యెషయా 40 నుంచి 55 వరకు ఉన్న అధ్యాయాలలో వినబడుతుంది. ఆ భాగం రాసినది కోరెషు కాలపు అజ్ఞాత ప్రవక్త అని పండితులు దాదాపు ఏకాభిప్రాయంతో చెబుతారు. మా దేవుడు మీ దేవుళ్ళకన్నా గొప్పవాడు అన్న పాత మాట పోయి, 'నేను తప్ప ఏ దేవుడూ లేడు' అన్న మాట పదేపదే వస్తుంది. పరాయి రాజైన కోరెషును అభిషిక్తుడని, అంటే మెస్సీయ అని, పిలవడానికి కూడా ఆ ప్రవక్త వెనకాడలేదు. ఓడిన జనపు దేవుడు ఓడిపోయినట్లే అని లోకమంతా అనుకునే కాలంలో, ఓటమిని కూడా తమ దేవుడే నడిపాడని చెప్పినవారు వీరు.

గోరింటపొద:

నేను అనువాదాలు చేస్తుంటాను, కాబట్టి నెహెమ్యా ఎనిమిదవ అధ్యాయం నాకు చాలా ఇష్టం. క్రీ.పూ. 515లో రెండవ మందిరం పూర్తయిన తరువాతి తరాల సంగతి ఇది. నీటి గుమ్మం ఎదుటి మైదానంలో కొయ్యతో వేదిక కట్టారు. ఎజ్రా దాని మీద నిలబడి పొద్దు పొడిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. పురుషులూ స్త్రీలూ నిలబడి విన్నారు. లేవీయులు జనం మధ్య తిరుగుతూ అర్థం చెప్పారు. వింటూ జనం ఏడ్చారు, ఏడవకండి, వెళ్ళి తినండి, లేనివారికి వంతులు పంపండి అని వారిని ఊరడించారు.

ఈ దృశ్యంలో బలిపశువు లేదు, ధూపం లేదు. యాజకుడైన ఎజ్రా అక్కడ చేసిన పని చదవడం. అది గుడిలో కాకుండా వీధిలో జరిగింది. చదివిన మాటకు అర్థం చెప్పేవాడు కావలసి వచ్చాడంటే జనం భాషకూ గ్రంథం భాషకూ దూరం పెరిగి ఉండాలి. యూదుల ప్రార్థనామందిరమైన సినగోగులో వినబడే ప్రతి వ్యాఖ్యానం ఆ మైదానం నుంచే బయలుదేరిందని నాకు అనిపిస్తుంది. కృష్ణాతీరం గారు వెదుకుతున్న పుట్టినరోజు ఒకటి ఉండి తీరాలంటే నేను దీనికే ఓటు వేస్తాను.

శాసనప్రియ:

గోరింటపొద గారి మాట మనసుకు హత్తుకుంది, కాని నేను ఒప్పుకోలేను. ఒక గ్రంథాన్ని వేదిక మీద చదవడం వేరు, ఊరివాళ్ళు దాని ప్రకారం వంట చేసుకోవడం వేరు. పొలుసులు లేని చేప తినకూడదని ధర్మశాస్త్రం. యెరూషలేములో తవ్వి తీసిన ఎముకల్లో పొలుసులు లేని వాలుగ జాతి చేపలవి రాజుల కాలం నుంచి పారశీకుల కాలం దాకా కనబడుతూనే ఉన్నాయని 2021లో యోనాతన్ అడ్లర్, ఓమ్రి లెర్నావు ప్రకటించారు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో యెహూదు, అంటే పారశీకుల ఏలుబడిలోని యూదా రాష్ట్రం, ముద్రించిన చిన్న వెండి నాణేల మీద గుడ్లగూబలు, మనుషుల తలలు ఉన్నాయి. రెక్కల చక్రం మీద కూర్చున్న ఒక దేవుడు కూడా ఒక నాణెం మీద ఉన్నాడు. విగ్రహం చేయకూడదన్న ఆజ్ఞ అధికారులకే పట్టలేదన్న మాట.

మార్పు కళ్ళకు కనబడేది క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి. గ్రీకు రాజు నాలుగవ అంతియొకసు క్రీ.పూ. 167లో యెరూషలేము మందిరాన్ని అపవిత్రం చేసి ధర్మశాస్త్రాచారాలను నిషేధిస్తే, మక్కబీయ సోదరులు తిరగబడి 164లో మందిరాన్ని శుద్ధి చేశారు. హనుక్కా పండుగ దాని జ్ఞాపకమే. వారి వంశమే హస్మోనియన్ రాజులు. వారి కాలం నుంచి మెట్లున్న శుద్ధిస్నానపు తొట్లు రాతిలో తొలుస్తూ వచ్చారు, నాణేల మీద మనిషి బొమ్మ మాయమైంది, కొంత తరువాత అశుద్ధం అంటని రాతి పాత్రల వాడకం పెరిగింది. గ్రంథం జనం ఇళ్ళలోకి దిగింది ఇప్పుడు.

ఆలివ్‌కొమ్మ:

తొట్లు లేనంత మాత్రాన భక్తి లేదనలేము కదా. యెరూషలేము దగ్గర కెతెఫ్ హిన్నోములో ఒక సమాధి గదిలో 1979లో రెండు చిన్న వెండి రేకులు చుట్టలుగా దొరికాయి. పెద్దది విప్పితే పది సెంటీమీటర్ల పొడవు కూడా లేదు. అవి చెరకు కొంచెం ముందువి. 'యెహోవా నిన్ను ఆశీర్వదించి కాపాడును గాక' అని సంఖ్యాకాండములో ఉన్న యాజకుల దీవెన వాటి మీద గీరి ఉంది. ఎవరో దానిని తాయెత్తులా మెడలో కట్టుకొని, చనిపోయాక కూడా విడవలేదు. గ్రంథం కాకపోయినా గ్రంథంలోని మాట అప్పటికే మనిషి ఒంటి మీద ఉంది.

షోమ్రోను ప్రాంతపు సమరయులను కూడా మరచిపోకూడదు. వారిదీ ధర్మశాస్త్రపు అవే ఐదు కాండలు, వారి పవిత్ర స్థలం మాత్రం గెరిజీము కొండ. అక్కడి గుడిని హస్మోనియన్ పాలకుడు యోహాను హిర్కానసు క్రీ.పూ. 110 ప్రాంతంలో కూల్చాడు. నేటికీ సుమారు 800 మంది సమరయులు మిగిలి, ప్రతి పస్కాకూ ఆ కొండ మీద గొర్రెలను బలి ఇస్తున్నారు. యూదు మతం ఒక్కటే వారసుడనుకుంటే ఆ కుటుంబంలో ఒక అన్నదమ్ముణ్ణి లెక్కలోంచి తీసేసినట్లవుతుంది.

గ్రంథం కూడా ఒక్కనాటిలో స్థిరపడలేదు. 1947 నుంచి మృత సముద్రపు గుహల్లో దొరికిన చుట్టలలో ద్వితీయోపదేశకాండము 32:8 దగ్గర 'దేవుని కుమారుల లెక్క ప్రకారం' దేవుడు జనాలకు సరిహద్దులు పెట్టాడని ఉంది. మన బైబిల్లో ఉన్నది 'ఇశ్రాయేలీయుల లెక్క'. 'దేవుని కుమారులు' అంటే దేవతల సభ అన్న పాత భావన, దానిని ఎవరో భక్తుడైన లేఖకుడు మార్చి రాశాడు.

తూర్పుగట్టు:

నా లంక కథ ముగింపు చెప్పి సెలవు తీసుకుంటాను, అది ఇక్కడి వాదానికి పనికి వస్తుంది. క్రీ.పూ. 410లో ఈజిప్టు దేవుడైన ఖ్నూము పూజారులు స్థానిక పారశీక అధికారిని కూడగట్టుకొని యాహు గుడిని పడగొట్టారు. రాతి ద్వారాలు ఐదు, ఇత్తడి బందులు, దేవదారు కప్పు, అన్నీ పోయాయి. 407లో ఆ లంకలోని యూదులు యూదా అధిపతి బగోహికి పంపిన అర్జీలో, గుడి కూలిన నాటి నుంచి గోనె కట్టుకొని ఉపవాసం ఉన్నామనీ, మా భార్యలు విధవల వలె ఉన్నారనీ, నూనె రాసుకోలేదు, ద్రాక్షారసం తాగలేదనీ రాసుకున్నారు. షోమ్రోను అధిపతి సన్బల్లటు కొడుకులకు కూడా రాశారు. యెరూషలేముకూ షోమ్రోనుకూ పొసగదని వారికి పట్టినట్లు లేదు. వచ్చిన జవాబు, గుడిని మునుపటి చోటే కట్టుకోండి, నైవేద్యం, ధూపం అర్పించుకోండి అని. జంతుబలి ప్రస్తావన లేదు. కారణం రాయలేదు గాని, బలి యెరూషలేముకే అన్న నియమం మెల్లగా, ఒక ఉత్తరంలో ఒక మాట మానడం ద్వారా, నైలు నది దాకా చేరిందని చాలామంది చదువుతారు. నేనూ అలాగే చదువుతాను. అందుకే వారిది యూదు మతమే అంటాను. అందరూ ఒకే వేగంతో నడవలేదు, అంతే.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక్కటి అడుగుతాను. మనుషులకు యూదులన్న పేరు సరే, వారి బతుకు తీరు మొత్తానికి 'యూదు మతం' అన్న ఒక పేరు తొలిసారి ఎక్కడ కనబడుతుంది?

శాసనప్రియ:

గ్రీకు భాషలో, మక్కబీయుల రెండవ గ్రంథంలో, 'యుదయిస్మోస్' అని. గ్రీకుల తీరుకు ఎదురుగా నిలబెట్టిన మాట అది, దాని కోసం పోరాడినవారి ప్రస్తావనలో వస్తుంది. కథోలికుల తెలుగు బైబిల్లో ఆ గ్రంథం ఉంది, మీ నాయనమ్మ గారి ప్రతి ప్రొటెస్టెంట్లదైతే ఉండదు. ఆ ప్రతిలో అదే మాట కావాలంటే గలతీయులకు పౌలు రాసిన పత్రిక మొదటి అధ్యాయం, 13, 14 వచనాలు చూడండి.

కృష్ణాతీరం:

చూశాను. ఆ పుట దగ్గర నాయనమ్మ పెట్టుకున్న ఎండు తులసి రెమ్మ ఉంది. వేసవి మొదటి నుంచి నేను ముందు పుటల్లో వెదుకుతున్న మాట అక్కడ, పుస్తకం చివరి పావులో ఉంది. మక్కబీయుల గ్రంథం కోసం మా వీధి చివర ఉన్న కథోలిక మిత్రుడి ఇంటికి రేపు పొద్దున వెళుతున్నాను.